ఒక్కడే నిలబడి... నవ్వించీ, పాడీ!

స్టాండప్ కామెడీ నిన్నమొన్న పట్నాల్లో పుట్టిందనుకుంటాం. శ్రీకూర్మం లాంటి ఊళ్లలో పాత క్యాసెట్ల పెట్టె తెరిచి చూస్తే మాత్రం లెక్క తేడా వస్తుంది. అక్కడ నవ్వు ఏనాడూ పాట లేకుండా రాలేదు!

చేతిలో మైకు. వెనకాల ఖాళీ గోడ. ఎదురుగా ఓ వందమంది. వేషం లేదు, తెరల్లేవు, పక్కన అందుకోవడానికి ఇంకో నటుడు లేడు. ఉన్నదల్లా నోరూ, ఆ నోటి వెనకున్న బుర్రా. గంటసేపు ఆ ఒక్క మనిషే నిలబడి మాట్లాడాలి, జనం నవ్వాలి. నవ్వారా, చప్పట్లు. నవ్వలేదా, అంతకంటే నరకం లేదు. ఇదీ స్టాండప్ కామెడీ. హైదరాబాదు, బెంగళూరు హాళ్లలో టిక్కెట్టు కొని చూసేవాళ్లు చూస్తున్నారు. మిగతావాళ్లకి ఫోనుంది. శ్రీకాకుళానికి కూతవేటు దూరంలో, కూర్మనాథుడు పడమటి ముఖంగా కొలువైన శ్రీకూర్మంలోనూ సాయంత్రమైతే అరుగుల మీద కుర్రాళ్ల చేతుల్లో ఆ నవ్వులే.

మా ఇంట్లో ఓ రోజు మనవడు ఇలాంటిదే ఒకటి పెట్టి నాన్నమ్మకి చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని పది నిమిషాలు శ్రద్ధగా చూసింది. రెండుచోట్ల నవ్వింది కూడా. ఆఖర్న ఒకే ఒక్క ప్రశ్న.

''బాగానే సెప్తన్నాడు గానీ, మద్దిలో ఓ పాటెత్తుకోడేటిరా?''

''పాటేటి నాన్నమ్మా, ఇది స్టాండప్పు!''

''అయితే ఏటి? దాసుగారూ నిలబడే కదేటి కత సెప్పీవోరు!''

దాసుగారంటే హరిదాసు. హరికథ చెప్పే మనిషి. ఆవిడ లెక్కలో ఒక్క మనిషి నిలబడి వెయ్యిమందిని నవ్వించడం వింత కాదు. అంతసేపు నిలబడీ ఒక్క పాట పాడకపోవడమే వింత. నవ్వుకుంటూ వదిలేయాల్సిన మాటలా అనిపిస్తుంది. కానీ కాస్త తరచి చూస్తే అందులో ఉత్తరాంధ్ర వినోదం చరిత్ర సగం ఉంది.

అజ్జాడ నుంచి వచ్చిన దాసుగారు

తెలుగు హరికథకు పితామహుడంటే ఆదిభట్ల నారాయణదాసే. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టారు. విజయనగరంలో చదువు. 1883లో మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ విజయనగరం వచ్చి కథ చెబితే, విన్న నారాయణదాసుకి తన దారేదో తెలిసిపోయింది. ధ్రువ చరిత్రతో మొదలుపెట్టారు. అక్కణ్నుంచి 1945లో కన్నుమూసేవరకూ ఆయనది ఒంటిమనిషి సామ్రాజ్యం.

హరికథంటే ఏమిటో ఈ తరం పిల్లలకు చెప్పాలి కాబట్టి చెప్పుకుందాం. మెడలో పూలదండ, కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు. పక్కన ఫిడేలూ మృదంగమూ ఉంటాయి కానీ కథ మొత్తం ఒకే మనిషిది. రుక్మిణీ ఆయనే, కృష్ణుడూ ఆయనే, మధ్యలో వచ్చే బ్రాహ్మడూ ఆయనే. పద్యం పాడతాడు, కీర్తన పాడతాడు, అడుగు వేస్తాడు, ఉన్నట్టుండి ఆగి పిట్టకథ అందుకుంటాడు. ఆ పిట్టకథ దగ్గరే ఉంది అసలు కిటుకంతా! అప్పటిదాకా ద్వాపరయుగంలో ఉన్న దాసుగారు ఒక్క గంతులో ఊరి చావడి దగ్గరికొచ్చేస్తారు. వడ్డీ వ్యాపారి, అల్లుడి అలకలు, ముందు వరసలో కునుకుతీస్తున్న పెద్దమనిషి... ఎవరూ మినహాయింపు కాదు. పందిరంతా గొల్లుమంటుంది. నవ్వు అణగేలోపే మృదంగం మీద దెబ్బ పడుతుంది, దాసుగారు మళ్లీ రాగం ఎత్తుకుంటారు. ఇవాళ స్టాండప్ చేసేవాళ్లు ముందు వరసలోని వాళ్లను పలకరించి ఆటపట్టించడాన్ని ఏదో కొత్త విద్యలా చెప్పుకుంటారు. మన పందిళ్లలో అది రాత్రి పదింటికి రోజూ జరిగిన పనే.

నారాయణదాసు విద్య అక్కడితో ఆగలేదు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల... అయిదింటితో అయిదు తాళాలు చూపించగలరని 'పంచముఖి పరమేశ్వర' అన్నారు. ఫార్సీ నేర్చుకున్నారు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. షేక్‌స్పియర్నీ కాళిదాసునీ పక్కపక్కన పెట్టి 'నవరసతరంగిణి' రాశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆయన బుర్రే ఓ పెద్ద సంగీత సేకరణ! 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. తర్వాత ఆ కుర్చీలో ఫిడేలు మేధావి ద్వారం వెంకటస్వామి నాయుడు కూర్చున్నారు. ఘంటసాల వారాలు చేసుకుంటూ, మధూకరం ఎత్తుకుంటూ పాట నేర్చుకున్నదీ ఆ ఊళ్లోనే. సుశీల పుట్టిందీ అక్కడే.

అదే విజయనగరంలో 1892లో 'కన్యాశుల్కం' ఆడారు. తెర లేవగానే ఏముంటుందో గుర్తుందా? బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే నిలబడి, తన అప్పులూ తన తిప్పలూ తనే చెప్పుకుంటుంటాడు. ఎదుట ఇంకో పాత్ర లేదు. జనంతోనే మాట. ఆ సీను ఒక్కటీ విడదీసి ఇవాళ ఏ హాల్లోనైనా మైకు ముందు పెట్టండి... నడిచిపోతుంది.

పాటకీ పాటకీ మధ్య

హరికథకు గుడి ఉంది, పండితులున్నారు. పొలంగట్టు మనిషి నవ్వుకు వేరే దారులున్నాయి. బుర్రకథ ముగ్గురిది. నడుమ కథకుడు తంబురా పట్టుకుంటే ఇరుపక్కలా డక్కీలు పట్టుకుని ఇద్దరు వంతలు. వాళ్లలో ఒకడి పని రాజకీయం మాట్లాడటం, రెండోవాడి పని హాస్యం. పనులు పంచి మరీ పెట్టారంటే నవ్వుకి ఎంత పెద్దపీట వేశారో చూడండి. ఇక జముకుల కథ, తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర సొంత సొత్తు. ఆ జముకు మోత మధ్య వంత పాడేవాడు విసిరే చురక అర్థం కావాలంటే ఈ నేల యాస తెలిసుండాలి.

తర్వాత తీర్థాలకీ సంబరాలకీ పాటకచేరీలొచ్చాయి. ఆర్కెస్ట్రా వాళ్లు నాలుగు సినిమా పాటలు పాడి గొంతు తడుపుకునే వేళ, మిమిక్రీ కళాకారుడు వచ్చి ఎన్టీఆర్నీ ఏఎన్నార్నీ దింపేవాడు. ఆ దారి వేసిన మహానుభావుడు వరంగల్ మట్టెవాడకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. 'టెన్ కమాండ్‌మెంట్స్' సినిమా ముక్కల్ని సంగీతంతో సహా ఒక్క గొంతులో వినిపించేవారు. 2018లో కన్నుమూశారు.

ఇంకో తెలుగువాడి సంగతి చాలామందికి తెలీదు. జానీ లీవర్. కనిగిరిలో పుట్టిన జనుముల జాన్ ప్రకాశరావు ఆయన. బొంబాయిలో పెరిగి హిందుస్థాన్ లీవర్ కంపెనీలో పనిచేస్తూ, అక్కడి అధికారుల్ని అనుకరించి కార్మికుల్ని నవ్వించేసరికి 'జానీ లీవర్' అయ్యారు. మెట్టు ఎక్కింది ఎక్కడ? సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ కచేరీ వేదికల మీద, పాటల సందుల్లో! తర్వాత 'హసీ కే హంగామే' పేరిట ఆయన నవ్వులు క్యాసెట్‌గానూ వచ్చాయి. దేశంలో స్టాండప్‌కు దారి తీసినవాళ్లలో ఒకడు తెలుగువాడు, అతనికి చోటిచ్చింది పాట. నాన్నమ్మ మాట నిజం కాదంటారా?

ఈ జోడీని గుర్తుపట్టిన పత్రిక కూడా ఒకటుండేది. 2001లో హైదరాబాదు నుంచి మొదలైన 'హాసం'. శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాదరెడ్డి ప్రోత్సాహంతో అచ్చంగా హాస్యం కోసం, సంగీతం కోసం నడిచింది. కొద్ది ఏళ్లే నడిచింది. ఆ సంచికలు దాచుకున్నవాళ్లు ఇప్పటికీ ఎవరికీ అరువివ్వరు.

ఇనప్పెట్టెలో ఇండియా

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. మా ఇంట్లో నాన్నది ఓ ఇనప్పెట్టె ఉంది. వరసలు వరసలుగా క్యాసెట్లు. ఒక్కోదాని మీద బాల్‌పెన్నుతో రాసిన చీటీ. ఇలాంటి పెట్టెలు ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలా అటకల మీద ఉన్నాయి. తీసి చూస్తే ఇదేం కలగూరగంప అనిపిస్తుంది. ఘంటసాల భగవద్గీత పక్కన బోనీ ఎం. ద్వారం వారి ఫిడేలు మీద రఫీ. బిస్మిల్లాఖాన్ షెహనాయి కింద, ఒరియాలో భికారి బల పాడిన జగన్నాథ భజనలు. అక్షయ మహంతి. హేమంతకుమార్ బెంగాలీ పాటలు. గుజరాతీ దాండియా. బీచుపల్లి నుంచి బెర్లిన్ దాకా అన్నీ ఉన్నట్టే!

రుచి లేక కాదు ఈ కలబోత. బతుకు అలా తిప్పింది. శ్రీకాకుళం మనిషికి వలస కొత్త కాదు. ఒకప్పుడు రంగూన్ వెళ్లారు. తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే, భిలాయి ఉక్కు కర్మాగారం. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి పడవలెక్కుతారు. 2018లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరారు. గల్ఫ్ సరేసరి. పండక్కి ఇంటికొచ్చే బావ సంచిలో మిఠాయితోపాటు ఓ క్యాసెట్. ఖరగ్‌పూర్ చిన్నాన్న బెంగాలీ పాట తెచ్చాడు, గల్ఫ్ అన్నయ్య టూ ఇన్ వన్‌నే తెచ్చాడు. ఒడిశా సరిహద్దు ఎలాగూ దగ్గరే. భాష తెలిసినా తెలియకపోయినా వినేవారు. అదేమిటో గానీ, ఎవరు ఏ ఊళ్లో బతికారో చెప్పే కుటుంబ వృక్షం మా ఇంట్లో కాగితం మీద లేదు... ఆ పెట్టెలో ఉంది.

కంపెనీ క్యాసెట్లు పోతే పోనివ్వండి. ఆ పాటలన్నీ ఇవాళ ఫోన్లో వేలు పెడితే వస్తాయి. రానివి వేరే ఉన్నాయి. 'డోలోత్సవం - హరికథ - రెండో రోజు'. 'పెళ్లి - పాటలు'. 'రేడియో - నాటిక'. ఇలా చీటీ ఉన్నవి. పందిట్లో మైకు పక్కన టేపురికార్డరు పెట్టి ఎవరికి వారు చేసుకున్న రికార్డింగులు. 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి నుంచి పట్టినవి కొన్ని. అవి వింటే కథొక్కటే వినబడదు. పసిపిల్ల ఏడుపు, దూరంగా ఎవరో ఎవర్నో కేకేయడం, దాసుగారి చురకకి ఆడవాళ్ల వైపు నుంచి ముందుగా లేచిన నవ్వు, అది మగవాళ్ల వైపు పాకడం! ఈ టేపుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ నవ్వు లేచే తీరే. ఏ స్టూడియోలోనూ అది దొరకదు.

అయితే పాతదంతా బంగారం అని నేననను. ఆ పిట్టకథల్లో నత్తివాడి మీద, గుడ్డివాడి మీద, కులాల మీద, ఇంటి ఆడవాళ్ల మీద వేసిన జోకులున్నాయి. మనవరాలి పక్కన కూర్చుని వింటే ఇబ్బందిగానే ఉంటుంది. ఇప్పటి స్టాండప్‌లో బూతు ఎక్కువైందని పెద్దవాళ్లు విసుక్కుంటారు, అదీ నిజమే. ఇంటిల్లిపాదీ చూడలేక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి నవ్వు వాళ్లు నవ్వుకుంటున్నాం. కానీ మంచి స్టాండప్‌లో ఒక గుణముంది. చెప్పేవాడు ముందు తన మీద తను జోకేసుకుంటాడు. తన ఇల్లు, తన ఊరు, తన తెలివితక్కువతనం. ఇక్కడే మాకు ఓ పాత లెక్క తేలాల్సి ఉంది.

ఎవరి యాసకి ఎవరు నవ్వాలి?

చాలాకాలం మన సినిమాల్లో హీరో మాట ఒకటి, వంటవాడి మాట ఒకటి. శ్రీకాకుళం యాస వినబడిందంటే అది పనిమనిషో, అమాయకుడో అయ్యుండాలి. అతను 'ఏటి బావూ' అనగానే హాల్లో నవ్వు. జోకేమీ లేదక్కడ, మాటే జోకు! ఆ నవ్వు తెర దగ్గరే ఆగిపోతే బాగుండేది. విశాఖలోనో హైదరాబాదులోనో కాలేజీలో చేరిన మా కుర్రాడు మొదటిరోజు 'అన్నం తినీసాను' అన్నాడనుకోండి, తరగతంతా అదే నవ్వు నవ్వుతుంది. వారం తిరిగేసరికి వాడు 'తినేశాను' నేర్చుకుంటాడు. పండక్కి ఇంటికొచ్చి నాన్నమ్మతో కూడా అదే మాట్లాడతాడు. ఆవిడకి మనవడు కాస్త పరాయివాడైనట్టు అనిపిస్తుంది. పైకి చెప్పదు.

విచిత్రమేమిటంటే ఈ యాసలో గొప్ప హాస్యం ఎప్పటినుంచో ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి కథలు చదివినవారికి ఆ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ యాస మాట్లాడేవాడు వెక్కిరింతకు దొరికినవాడు కాదు. లోకాన్ని వెక్కిరించేవాడు! పందిట్లో కథ చెప్పే మనిషీ అంతే. ఆయన యాసకి ఎవరూ నవ్వలేదు, ఆయన మాటకి నవ్వారు. వినేవాళ్లదీ అదే యాస కదా. ఆ రెండు నవ్వుల మధ్య తేడా తెలియాలంటే పుస్తకం చాలదు, గొంతు వినాలి.

కాలం కొంత మారింది. 2020లో వచ్చిన 'పలాస 1978', 2025లో వచ్చిన 'తండేల్'... రెండింటిలోనూ కథానాయకుడే శ్రీకాకుళం మాట మాట్లాడాడు. ఫోన్లలో చిన్నచిన్న వీడియోలు చేసే ఇక్కడి కుర్రాళ్లు యాస దాచుకోవడం మానేశారు. అమ్మతో గొడవ, బస్సులో సీటు, పెళ్లిచూపులు... అన్నీ ఈ మాటలోనే. వాళ్లకి ఇంకా గంటసేపు నిలబడి నడిపే పట్టు రాలేదు. రెండు నిమిషాల్లో ముగించేస్తున్నారు. నవ్వుని ఎక్కడ ఆపాలి, జనాన్ని ఎంతసేపు ఊరించాలి, ఎప్పుడు గొంతు తగ్గించాలి... ఇవి నేర్పే పాఠాలు అటక మీద పెట్టెల్లో మూలుగుతున్నాయి.

కథలకి ఇల్లుంది... మరి వీటికో?

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు, 1997లో మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట చేర్చాలన్న ఒక మనిషి పట్టుదల. ఎవరింట్లో ఏ పాత పత్రిక ఉందో వెతికి తెచ్చారు. 2021లో ఆయన వెళ్లిపోయారు, ఇల్లు మిగిలింది. కాగితం మీద కథ పడింది కాబట్టి దానికి అంత భాగ్యం పట్టింది. గొంతులో ఉన్న కథ టేపు మీదే ఉంది.

టేపేమో కాగితమంత ఓపికది కాదు. పల్చటి ప్లాస్టిక్ రిబ్బను మీద ఐరన్ ఆక్సైడ్ పూత... అంతే. అరవై నిమిషాల క్యాసెట్‌లో దాదాపు 90 మీటర్ల రిబ్బను ఉంటుంది. తొంభై నిమిషాలదైతే ఇంకా పల్చన, తొందరగా సాగిపోతుంది. శ్రీకూర్మం నుంచి సముద్రం ఎంతో దూరం కాదు. ఆ ఉప్పు తేమకి లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి, రిబ్బను మీద తెల్లటి బూజు లేస్తుంది. పైగా ఆడించే టూ ఇన్ వన్‌లే కరువయ్యాయి. ఉన్నా బాగుచేసే మనిషి దొరకాలి.

పెట్టె ఇంట్లో ఉన్నవారి కోసం, మేము చేస్తున్న పని చెబుతాను. ఏళ్లతరబడి కదలని క్యాసెట్‌ను తీసి తటాలున ప్లే నొక్కొద్దు. ముందు ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పాలి. అంటుకున్న చుట్లు విడతాయి. బూజు కనిపిస్తే అసలు పెట్టొద్దు. ఒకదాని బూజు హెడ్డుకి పట్టి మిగతావాటికీ అంటుతుంది. హెడ్డుని దూదిపుల్లతో స్పిరిట్ అద్ది తుడవాలి. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న బిళ్లలుంటాయి కదా, వాటిని విరగ్గొట్టేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా దాసుగారి గొంతు మీద ఇంకేదీ పడదు. పెట్టె పగిలి రిబ్బను బాగుంటే, మరలున్న ఇంకో ఖాళీ క్యాసెట్ విప్పి అందులోకి మార్చొచ్చు. టేపురికార్డరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకి ఒక తీగ, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఖర్చు ఇంతే. అడ్డదారి మాత్రం లేదు. గంట క్యాసెట్‌కి గంటా పడుతుంది. మేము ఆదివారానికి రెండు చొప్పున కానిస్తున్నాం. మనవడు తీగలు పెడతాడు, నాన్నమ్మ వింటుంది.

ఆవిడ వినడమే ఇందులో ముఖ్యం. ఫలానా చోట గట్టిగా నవ్వినదెవరో, 'ఆ పద్యం మళ్లీ' అని వెనకనుంచి అరిచినదెవరో ఆవిడకే తెలుసు. పేరు చెబుతుంది, ఏ వీధో చెబుతుంది, ఎవరికి ఏమవుతారో చెబుతుంది. మనవడు నోటుపుస్తకంలో నిమిషం, సెకను వేసి పక్కన రాసుకుంటున్నాడు. రాస్తూ రాస్తూ మొన్న ఉన్నట్టుండి ''ఓలమ్మో, ఈ ముక్క మల్లీ ఎయ్యి నాన్నమ్మా'' అన్నాడు. ఇంకా పదకొండు క్యాసెట్లున్నాయి. రెండింటికి చీటీల్లేవు.